కూలినవి కాదు, మిగిలిన కుందేళ్లెన్ని?

గోల్ఫ్ మైదానాల్లో కుందేళ్లను కాల్చి అదుపు చేయవచ్చా? జీవశాస్త్రం చెప్పే జవాబు తుపాకీ పట్టినవారికీ, వద్దనేవారికీ కూడా కొంత ఇబ్బందికరమైనదే.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌ను గోల్ఫ్ ఆటకు పుట్టిల్లు అంటారు. 1797లో ఆ ఊరి పాలకమండలి అప్పుల్లో కూరుకుపోయి, సముద్రపు ఒడ్డునున్న ఆట మైదానం మీద హక్కు పోగొట్టుకుంది. దాన్ని చేజిక్కించుకున్న వ్యాపారులు అక్కడ కుందేళ్ల పెంపకం మొదలుపెట్టారు. కుందేళ్లు ఇసుక నేలను గుల్ల చేశాయి, గోల్ఫ్ ఆడేవారు కోర్టుకెక్కారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఈ తగవు 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొన్నాకే సద్దుమణిగింది. ఆయన కూడా గోల్ఫ్ ఆటగాడే.

రెండు శతాబ్దాలు గడిచినా గోల్ఫ్‌కూ కుందేలుకూ మధ్య పేచీ తీరలేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఇసుక నేలల మీదున్న క్లబ్బులకు కుందేళ్లు నిత్య సమస్య. దానికి చాలామందికి తోచే మొదటి పరిష్కారం తుపాకీ. సాయంత్రం ఆట ముగిశాక ఎయిర్ రైఫిల్‌తోనో, చిన్న తూటాల రైఫిల్‌తోనో ఒకరిద్దరు బయలుదేరతారు. ఇన్ని కూల్చామని లెక్క రాసుకుంటారు. మరుసటి వేసవికి కుందేళ్లు మళ్లీ అన్నీ ఉంటాయి.

దీనిపై వాదనలు రెండు ధ్రువాల దగ్గరే తిరుగుతుంటాయి. కాల్చక తప్పదని ఒకరు, కాల్చడమే పాపమని మరొకరు. ఎవరు పట్టిన కుందేటికి వారికి మూడే కాళ్లు. అసలు అడగాల్సిన ప్రశ్న ఈ రెంటి మధ్యా నలిగిపోతోంది. కాల్పుల తర్వాత మైదానంలో మిగిలిన కుందేళ్లెన్ని? పచ్చికకు జరిగే నష్టం ఎంత తగ్గింది? ఈ రెంటికీ జవాబు లేకుండా జరిపే కాల్పులను వేట అనవచ్చు గానీ నియంత్రణ అనడానికి వీల్లేదు.

మన చెవులపిల్లి కాదు

తెలుగులో కుందేలు అన్న ఒకే మాట రెండు వేర్వేరు జంతువులకు సరిపోతుంది. మన పొలాల గట్ల మీద, తుప్పల చాటున కనిపించే చెవులపిల్లి బొరియలు తవ్వదు. గడ్డి దుబ్బుల మధ్య చిన్న పడక చేసుకుని ఒంటరిగా బతుకుతుంది. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి.

గోల్ఫ్ మైదానాలను వేధించేది యూరప్ కుందేలు. పెంపుడు కుందేళ్లన్నింటికీ మూలం ఇదే. సొంతూరు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం. ఇది నేలలో బొరియలు తవ్వి గుంపులుగా బతుకుతుంది. పిల్లలు కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా నేల అడుగున పుడతాయి. చూలు సుమారు నెల రోజులే. ఒక్కో ఈతకు మూడు నుంచి ఏడు పిల్లలు. ఈనిన ఒక రోజులోపే ఆడకుందేలు మళ్లీ చూలు కట్టగలదు. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు నాలుగు నెలలకే ఈతకు వస్తాయి.

ఈ లెక్కన ప్రపంచమంతా కుందేళ్లతో నిండిపోవాలి. నిండకపోవడానికి కారణం, పుట్టినవాటిలో అధిక భాగం ఏడాది తిరగకుండానే చనిపోవడం. నక్కలు, గద్దలు, వ్యాధులు, చలి, బొరియల్లోకి చేరే వాననీరు వాటిని తుడిచిపెడతాయి. కాల్పుల ఫలితం అర్థం కావాలంటే ఈ విషయం మరిచిపోకూడదు. తూటాకు కూలిన ప్రతి కుందేలూ లేకపోతే బతికి ఉండేదే అనుకోవడం పొరపాటు. వాటిలో చాలా భాగం చలికో నక్కకో బలయ్యేవే. పైగా కొన్ని పోవడంతో మిగిలినవాటికి మేత, బొరియలు ఎక్కువ దొరికి, అవి బతికే అవకాశం పెరుగుతుంది.

నష్టం ఎక్కడ, ఎంత?

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద సహజంగా ఏర్పడిన గోల్ఫ్ మైదానాలను లింక్స్ అంటారు. గడ్డి కోసే యంత్రాలు రాకముందు అక్కడి పచ్చికను పొట్టిగా, తివాచీలా ఉంచింది గొర్రెలు, కుందేళ్లే. ఈ ఆట పుట్టిన నేలను సిద్ధం చేసిన జంతువుల్లో కుందేలు కూడా ఉందన్నమాట.

అంతమాత్రాన నేడు జరుగుతున్న నష్టం కట్టుకథ కాదు. హోల్ చుట్టూ ఉండే గ్రీన్ అనే నున్నటి పచ్చికను కుందేళ్లు గోళ్లతో గీరి గుంటలు చేస్తాయి. మూత్రం పడిన చోట గడ్డి మాడి మచ్చలు కడుతుంది. బంకర్ అనే ఇసుక గుంటల అంచులను తవ్వితే అవి కూలిపోతాయి. బొరియల్లో కాలు పడితే ఆటగాళ్ల మడమలు బెణుకుతాయి. పచ్చికను చూసుకునే సిబ్బంది కష్టం ఒక్క రాత్రిలో వృథా అవుతుంది.

అయితే ఈ నష్టం మైదానమంతా ఒకేలా ఉండదు. 18 హోల్స్ ఉన్న మైదానం సాధారణంగా 50 నుంచి 60 హెక్టార్లు ఉంటుంది. ఒక్కో గ్రీన్ సుమారు 500 చదరపు మీటర్లు అనుకుంటే 18 గ్రీన్లూ కలిపి హెక్టారు లోపే, అంటే మొత్తం నేలలో రెండు శాతానికి అటూఇటూగా. ఒక గీత పడినా ఆట చెడిపోయే చోటు అంత చిన్నది. అంచుల్లోని పొదలు, ఎత్తు గడ్డి ఉండే రఫ్ ప్రాంతంలో నాలుగు కుందేళ్లు మేస్తే ఆటకు వచ్చే ఇబ్బంది పెద్దగా లేదు. పంట మొత్తాన్నీ కాపాడుకోవాల్సిన రైతుకూ, రెండు శాతం పచ్చికను కాపాడుకోవాల్సిన క్లబ్బుకూ ఇదే ప్రధానమైన తేడా.

సగం దగ్గర ఆగితే నష్టమే

ఒక చోట బతికే జంతువుల సంఖ్య ఎలా పెరుగుతుందో చెప్పే సులువైన సూత్రాన్ని బెల్జియం గణిత శాస్త్రవేత్త పియర్ ఫ్రాన్స్వా వెర్హుల్స్ట్ 1838లో ప్రతిపాదించారు. సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఈనే జంతువులే తక్కువ కాబట్టి పెరుగుదల కూడా తక్కువ. నేల మోయగలిగినంత నిండిపోయాక మేత, చోటు చాలక పెరుగుదల ఆగిపోతుంది. ఈ రెంటికీ నడుమ, నేల మోయగలిగిన దానిలో సగం ఉన్నప్పుడు సంఖ్య అన్నింటికన్నా ఎక్కువగా పెరుగుతుంది.

దీన్ని ఒక ఊహా మైదానానికి వర్తింపజేసి చూడవచ్చు. అక్కడ గరిష్ఠంగా 400 కుందేళ్లు బతకగలవనుకుందాం. అడ్డంకులేవీ లేకపోతే, సహజ మరణాలు పోగా ఏడాదికి రెట్టింపు కాగలవనుకుందాం. అసలు కుందేళ్లు ఇంతకన్నా వేగంగానే పెరగగలవు. అయినా లెక్క తేలికగా ఉండటానికి ఇది చాలు.

క్లబ్బు 200 కుందేళ్లను కాల్చి సంతృప్తిపడిందనుకుంటే, మిగిలిన 200 ఏడాదికి మరో 100 పెరుగుతాయి. అదే స్థాయిలో ఉంచాలంటే ఏటా 100 చొప్పున కాలుస్తూనే ఉండాలి. అలాకాక మొదట్లోనే 360 తగ్గించి 40 మాత్రమే మిగిల్చితే, అవి ఏడాదికి 36 మాత్రమే పెరుగుతాయి. పదేళ్ల మొత్తం చూస్తే మొదటి దారిలో 1,200 కుందేళ్లు చచ్చినా మైదానంలో ఇంకా 200 తిరుగుతుంటాయి. రెండో దారిలో చచ్చేవి 720, తిరిగేవి 40.

అరకొరగా కాల్చడం దయ అనిపించుకోదని ఈ లెక్క చెబుతోంది. ఏటా పెద్ద సంఖ్యలో కుందేళ్లను కూల్చామని గొప్పగా చెప్పుకునే క్లబ్బు నిజానికి తన ఓటమిని ప్రకటించుకుంటోంది. ఏటా అన్ని దొరుకుతున్నాయంటే, సంఖ్య జోరుగా పెరిగే స్థాయిలోనే ఉందని అర్థం. అది పశువుల మందను పెంచి ఏటా కోతకు పంపడం లాంటిదే. మరణాల సంఖ్య ఏటేటా తగ్గుతుంటే, మైదానంలో కనిపించేవి కూడా తగ్గుతుంటే, అప్పుడే నియంత్రణ పనిచేస్తున్నట్టు.

ఇంకో దారి కూడా ఉంది. నేల మోయగలిగే సంఖ్యనే తగ్గించడం. పొదలు తొలగించి, పాత బొరియలు మూసి, కంచె వేసి 400 బదులు 100 మాత్రమే బతకగలిగేలా చేస్తే, 40 దగ్గర ఉంచడానికి ఏటా 24 తొలగిస్తే చాలు. తుపాకీ తగ్గించేది ఆనాటి సంఖ్యను మాత్రమే. పలుగు, పార, కంచె తగ్గించేది రేపటి సంఖ్యను.

తుపాకీకి ఉన్న హద్దులు

పది శాతానికి తగ్గించాలంటే తుపాకీ ఒక్కటే సరిపోతుందా? చాలా సందర్భాల్లో సరిపోదు. కుందేలు తెల్లవారుజామున, సంధ్యవేళ, రాత్రిపూట బయటకు వస్తుంది. నాలుగు రోజులు లైటు వేసి కాల్చాక మిగిలినవి ఆ వెలుగును చూడగానే బొరియల్లో దూరడం నేర్చుకుంటాయి. సులువుగా దొరికేవి ముందే పోతాయి, జాగ్రత్తపరులు మిగులుతాయి. సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో కుందేలుకు పట్టే సమయం పెరుగుతుంది. సరిగ్గా ఎక్కడ పట్టుదల కావాలో అక్కడే కాల్చేవారికి విసుగొస్తుంది. ఈలోగా పక్క పొలం నుంచి కొత్త కుందేళ్లు ఖాళీ బొరియల్లోకి చేరతాయి.

కాలం కూడా ముఖ్యం. బ్రిటన్‌లో నవంబరు నుంచి మార్చి మధ్య కుందేళ్ల సంఖ్య ఏడాదిలోకెల్లా తక్కువగా ఉంటుంది, ఈతల జోరు అప్పటికింకా అందుకోదు, గడ్డి పొట్టిగా ఉంటుంది. అప్పుడు తొలగించిన ఒక ఆడకుందేలు ఆ ఏడాది ఈనబోయే ఈతలన్నింటితో సమానం. కానీ క్లబ్బులకు కుందేళ్లు గుర్తొచ్చేది వేసవిలో, పిల్లలతో సహా అవి గ్రీన్ మీద కనిపించినప్పుడు. అప్పుడు పాలిచ్చే తల్లిని కాలిస్తే బొరియలోని కళ్లు తెరవని పిల్లలు ఆకలితో చస్తాయి. వాటి చావు ఏ లెక్కలోకీ రాదు. అంటే చలికాలంలోనే పని ముగించాలన్న నియమం లెక్క ప్రకారమూ సరైనదే, కరుణ ప్రకారమూ సరైనదే.

భద్రత మరో సంగతి. చిన్న తూటాలు రాయికో, గడ్డకట్టిన నేలకో తగిలి దిశ మార్చుకుని దూసుకుపోతాయి. ఎన్నో గోల్ఫ్ మైదానాల గుండా జనం నడిచే దారులుంటాయి. గురి తప్పిన తూటాతో గాయపడి బొరియలోకి పాకిన కుందేలు గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. అందుకే ఈ పని సరదాకు తుపాకీ పట్టే సభ్యులది కాకూడదు. శిక్షణ పొంది, వెనుక మట్టికట్ట ఉంటేనే కాల్చే నిపుణులది కావాలి.

ఖండం నేర్చుకున్న పాఠం

తుపాకీతో కుందేళ్లను అదుపులో ఉంచవచ్చన్న నమ్మకానికి ఆస్ట్రేలియా ఖరీదైన జవాబు. 1859లో థామస్ ఆస్టిన్ అనే సంపన్నుడు వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి కుందేళ్లను తెప్పించి విక్టోరియాలోని తన ఎస్టేట్‌లో వదిలాడు. పంపినవి 24. ఆ ఖండమంతా పరుచుకున్న కుందేళ్ల వంశం ప్రధానంగా ఆ ఒక్క దిగుమతి నుంచే వచ్చిందని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. కాల్చడానికే తెచ్చిన జంతువులను కాల్చి అదుపు చేయలేకపోయారు. పశ్చిమ ఆస్ట్రేలియా 1901 నుంచి 1907 వరకు కట్టిన మొదటి కంచె పొడవే 1,800 కిలోమీటర్లు దాటింది. కంచె పూర్తికాకముందే కుందేళ్లు అటువైపు చేరిపోయాయి.

1950లో మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట్లో అది సోకిన ప్రతి వందలో 99కి పైగా చచ్చాయి. కొన్నేళ్లకే వైరస్ తీవ్రత తగ్గింది, కుందేళ్లలో నిరోధక శక్తి పెరిగింది. శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫెన్నర్, ఆయన సహచరులు నమోదు చేసిన ఈ మార్పు పరిణామ క్రియకు పాఠ్యపుస్తకాలకెక్కిన ఉదాహరణ. కుందేళ్ల విషయంలో ఒక్క దెబ్బతో ముగిసే పరిష్కారం ఎవరికీ దొరకలేదు.

లేకుండా చేస్తే?

అదే వైరస్ 1953లో బ్రిటన్‌కు చేరి అక్కడి కుందేళ్లను దాదాపు తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఊహించని చోట దెబ్బ తగిలింది. లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక గొంగళిపురుగు ఒక రకం ఎర్రచీమల పుట్టల్లో పెరుగుతుంది. ఆ చీమలకు ఎండ తగిలే పొట్టి పచ్చిక కావాలి. కుందేళ్లు పోయి, పశువుల మేత తగ్గి గడ్డి పెరగడంతో నేల చల్లబడింది, చీమలు తగ్గాయి. 1979లో బ్రిటన్ నుంచి ఆ సీతాకోకచిలుక అంతరించింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి స్వీడన్ నుంచి తేవాల్సి వచ్చింది.

ఐబీరియాలో పరిస్థితి మరింత విచిత్రం. అక్కడి లింక్స్ అనే అడవి పిల్లికి ప్రధాన ఆహారం కుందేలే. వ్యాధుల వల్ల కుందేళ్లు అంతగా తగ్గిపోవడంతో, సొంత గడ్డ మీద వాటిని అంతరించే ప్రమాదమున్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 2019లో గుర్తించింది. బ్రిటన్‌లోనూ 1990ల నుంచి వాటి సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఇసుక నేలల బ్రెక్లాండ్ ప్రాంతంలో అరుదైన మొక్కల కోసం కట్టెల కుప్పలు పేర్చి మరీ కుందేళ్లను రప్పిస్తున్నారు.

ఒక చోట చీడగా, మరో చోట ఆధారంగా ఉన్న జంతువు ఇది. కాబట్టి కుందేళ్లన్నింటినీ లేకుండా చేయాలనే లక్ష్యం బ్రిటన్ క్లబ్బులకు అవసరమూ కాదు, మంచిదీ కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అది పరాయి జంతువు కాబట్టి అక్కడ లక్ష్యం వేరుగా ఉండవచ్చు. లక్ష్యం చోటును బట్టి మారుతుంది. లెక్క అవసరం మాత్రం మారదు.

ముందు లెక్క, చివర తూటా

ఇంగ్లండ్, వేల్స్‌లో 1954 నాటి చీడల చట్టం భూమిని అనుభవిస్తున్నవారి మీదే కుందేళ్ల నియంత్రణ బాధ్యత పెట్టింది. అయితే కంచె వేసి నష్టం ఆపినా ఆ బాధ్యత తీరినట్టే. క్లబ్బులు ఈ వెసులుబాటును వాడుకోవాలి. సుమారు 3 సెంటీమీటర్ల కన్నాలున్న వైరు వలను మీటరుకు కాస్త తక్కువ ఎత్తున కట్టి, అడుగు భాగాన్ని 15 సెంటీమీటర్లు బయటివైపు మడిచి పచ్చిక కింద పరిస్తే కుందేలు దాని కింద తవ్వలేదు. మైదానమంతా కట్టడం ఖర్చనుకుంటే పక్క పొలాల సరిహద్దులో కట్టవచ్చు. దెబ్బతింటున్న గ్రీన్ల చుట్టూ రాత్రిపూట విద్యుత్ వల నిలిపి పొద్దున తీసేయవచ్చు. కాపాడాల్సింది రెండు శాతం నేలనే కదా.

ఆ తర్వాత కూడా కాల్చాల్సి వస్తే, ముందు వెనుకల లెక్క తప్పనిసరి. ఒకే దారిలో, ఒకే వేళలో, వరుసగా కొన్ని రాత్రులు లైటు వేసి కనిపించిన కుందేళ్లను లెక్కపెట్టడం ఏ క్లబ్బుకైనా సాధ్యమే. న్యూజిలాండ్‌లో మెక్‌లీన్ స్కేలు అనే పద్ధతి ఉంది. పెంటికలు, గీతల వంటి ఆనవాళ్లను బట్టి ఒక నేలకు 1 నుంచి 8 వరకు అంకె ఇస్తారు. ఒటాగో ప్రాంతంలో భూయజమానులు 3వ స్థాయి దాటకుండా చూసుకోవాలి. ఆ నియమం ఎన్ని చంపారని అడగదు, నేల మీద ఎన్ని ఆనవాళ్లు మిగిలాయని అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్న అదే.

భారతదేశంలోనూ ఈ ప్రశ్నకు చోటుంది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో మనుబోతులను, అంటే నీల్‌గాయిలను, అడవి పందులను వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద హానికర జంతువులుగా ప్రకటించింది. 2016లో ఉత్తరాఖండ్‌లో అడవి పందులకు, హిమాచల్ ప్రదేశ్‌లో కోతులకు అదే వర్తింపజేసింది. ఆ ఏడాది ఇద్దరు కేంద్ర మంత్రులే ఈ విషయంలో బహిరంగంగా విభేదించారు. చంపాలా వద్దా అన్నదాని చుట్టూనే చర్చ తిరిగింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు అడవి పందుల చేతిలో మొక్కజొన్న, వేరుశనగ పోగొట్టుకుంటున్నారు. వారి నష్టం ఆటస్థలం నష్టంతో పోల్చలేనిది. అందుకే వారికి అరకొర కాల్పులతో సరిపెట్టడం మరింత అన్యాయం. ఎన్ని పందులను కాల్చారన్న అంకె పంట ఎంత దక్కిందో చెప్పదు.

జంతువును చంపడం కొన్నిసార్లు తప్పకపోవచ్చు. అలా తప్పనిదని చెప్పే బాధ్యత తుపాకీ పట్టినవారిది. గోల్ఫ్ క్లబ్బయినా, అటవీ శాఖయినా కాల్పులకు ముందున్న సంఖ్య, తర్వాత మిగిలిన సంఖ్య, తగ్గిన నష్టం అనే మూడు అంకెలను ఏటా అందరి ముందూ పెట్టాలి. ఆ మూడూ చూపలేని చోట మరుసటి ఏడాది కాల్పులకు అనుమతి ఇవ్వకూడదు.